గ్లాసులో కదలని నీళ్లు

సెప్టెంబర్ 6, 2014. శనివారం

ఇవాళ మా ఆయన యూనన్ నెల పూజ. చర్చి నిండిపోయింది. ఆదివారాలు పాత ఆవిరి బండి నడిపే మా రైలు సొసైటీ వాళ్లంతా ఇస్త్రీ చొక్కాలు వేసుకొచ్చారు. గోళ్ల కింద బొగ్గు మాత్రం ఎవరికీ పోలేదు. తర్వాత హాల్లో టీ, హామ్ శాండ్‌విచ్‌లు. నలభై మంది నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఎలా ఉన్నావంటే బాగున్నానన్నాను. నిజానికి ఏ రకంగానూ లేను. పళ్ల డాక్టరు సూది వేశాక బుగ్గ ఎలా ఉంటుందో, ఒళ్లంతా అలా ఉంది.

మా ఆయన పోయిన దగ్గర్నుంచి సొసైటీ వాళ్లు ఇంజిన్ బయటికి తియ్యలేదు. గౌరవం అట. రేపు తీస్తారు. మేనస్ వచ్చి పక్కన కూర్చున్నాడు. రేపు ఇంజిన్లో బొగ్గు పార నువ్వే పట్టాలి అమ్మాయ్, పన్నెండేళ్లు ఫైర్‌మన్ పని చేసినదానివి, ఇంట్లో కూచుని గోడలు చూస్తావా అన్నాడు. డ్రైవర్ ఆయనే. డెబ్బై ఒకటి. నాకు యాభై మూడు, అయినా ఆయనకి అమ్మాయినే.

సరేనన్నాను. ఎవరేమన్నా సరేనంటున్నాను ఈమధ్య.

సెప్టెంబర్ 7. ఆదివారం, ఉదయం 5.40

షెడ్డులో ఉన్నాను. బయట వాన. నంబర్ త్రీ ఇంజిన్‌కి మంట అంటించాను. దాన్ని మేమంతా ముసల్దనే అంటాం. ఆగస్టు మూడున దాన్ని ఆఖరిసారి ఆర్పిపెట్టింది యూనన్. బాయిలర్లో నీళ్లెంతో చూపించే గాజు గొట్టం, అదే గ్లాసులో, నీళ్లు సగం ఉన్నాయి. చాలు.

ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాను. ఏమీ అనిపించలేదు.

అదే రోజు, సాయంత్రం 6

ప్లగ్ కరిగింది.

ఇప్పుడే రాసేస్తాను, రేపటికైతే రాయను. పదకొండింటికి బయల్దేరాం. మూడు పెట్టెలు, డెబ్బై మంది. సరస్సు ఒడ్డున బాగానే నడిచింది. ఎత్తు ఎక్కే ముందు మేనస్ నీళ్లెంత అని అడిగాడు. సగం అన్నాను. ఆయనా తల తిప్పి చూశాడు. సగమే. ఎత్తు ఎక్కి అవతలికి వంగగానే ఫైర్‌బాక్స్‌లో పెద్ద శబ్దం. ఆవిరంతా మంట మీదికి దూకింది. నీళ్లు బాగా తగ్గి బాయిలర్ లోపలి రేకు బయటపడితే, అది పేలకుండా ఆ సీసం ప్లగ్ కరిగి మంట ఆర్పేస్తుంది. ఫైర్‌మన్ బతుకులో ఒక్కసారి కూడా జరగకూడనిది అదే. మా నాన్న తరంలో ప్లగ్ పోగొట్టినవాడితో క్యాంటీన్లో ఎవరూ కూర్చునేవాళ్లు కాదట.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. డీజిల్ ఇంజిన్ వచ్చి మమ్మల్ని వెనక్కి లాక్కెళ్లింది. పెట్టెల్లో జనం ఫోటోలు తీసుకున్నారు.

మేనస్ నన్నొక్క మాట కూడా అనలేదు. నాకేమో ఆకలేసింది. అదొక్కటే తెలిసింది.

సెప్టెంబర్ 8

కెమిస్ట్ షాపులో పనికి వెళ్లాను. అరవై ప్రిస్క్రిప్షన్లకి మందులు కట్టాను. ఒక్కటీ తప్పు పోలేదు.

సెప్టెంబర్ 9. మధ్యాహ్నం, షాపు వెనక గదిలో

దగ్గుమందు సీసా వెలుతురులోకి ఎత్తి చూస్తున్నాను. మందు అటూ ఇటూ ఒరిగింది. అప్పుడు తట్టింది.

ఎత్తు ఎక్కేటప్పుడు గ్లాసులో నీళ్లు ఒరగాలి. కుదుపుకి ఎగరాలి. మొన్న వెంట్రుకంత కూడా కదల్లేదు. ఎందుకంటే గ్లాసు కుళాయిలు మూసి ఉన్నాయి. రాత్రి గ్లాసు పగిలితే బాయిలర్ ఖాళీ అవకుండా, ఇంజిన్ ఆర్పాక వాటిని మూస్తాం. పొద్దున వచ్చి ముందు చేసే పని వాటిని తెరవడం. పక్కనున్న టెస్ట్ కుళాయి తిప్పి చూడటం. పన్నెండేళ్లలో ఒక్కరోజు మానలేదు. ఆదివారం మానేశాను.

ఆ నీళ్లు ఆగస్టు మూడు నాటివి. యూనన్ మూసిపెట్టిన నీళ్లు. ఆయన సరిగ్గానే చేశాడు. నెల రోజులు అడుగునున్న డ్రెయిన్ కుళాయి బొట్టు బొట్టుగా కారి బాయిలర్లో నీళ్లు తగ్గిపోయాయి, ఈ గ్లాసులోవి మాత్రం అలాగే నిలబడ్డాయి. నేను దారంతా వాటినే చూస్తూ కూర్చున్నాను. కదలకపోవడం నాకు సబబుగానే తోచింది.

సెప్టెంబర్ 10

సెక్రటరీ కోర్మక్ ఫోన్ చేశాడు. ఇంజిన్ విప్పి చూశారట. కుళాయిలు మూసి ఉన్నాయట. నేను నోరు తెరిచేలోపే, అవి ప్లగ్ పోయాక తనే మూశానని మేనస్ చెప్పాడులే, రిపోర్టులో సంతకం కూడా పెట్టాడు అన్నాడు. ఎత్తు దాటాక బాయిలర్లోకి నీళ్లు పట్టొచ్చు, ఇప్పుడొద్దని నాతో ఆయనే అన్నాడట. తప్పంతా తనదేనట. ఆయన డ్రైవింగ్ పాస్ ఆపేశారు. నువ్వేం బాధపడకు నోరీన్, నీ మీద ఏమీ లేదు అన్నాడు.

సరే అన్నాను. ఛీ.

సెప్టెంబర్ 14

ఆదివారం. రైలు లేదు. పడుకున్నాను.

సెప్టెంబర్ 17

మేనస్ డజను గుడ్లు తెచ్చాడు. లోపలికి రమ్మంటే బూట్లు బురదన్నాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. ఎందుకలా చెప్పావని అడిగాను. మొగుడు పోయి రెండు నెలలు కాలేదు, నిన్ను కమిటీ ముందు నిలబెట్టి ఉతకనిస్తానా అన్నాడు. మూడు నెలలు ఆపుతారు, అంతే. శీతాకాలం ఎలాగూ బండి లేదు, మార్చిలో సెయింట్ పాట్రిక్ పండక్కి మళ్లీ నేనే తోల్తాను. నువ్వు నోర్మూసుకుని గుడ్లు తిను అన్నాడు.

నలభై ఏళ్లుగా ఆ మనిషికి వేరే ఆదివారం లేదు. పెళ్లి కూడా చేసుకోలేదు. ముసల్దాన్ని తుప్పు గుట్టలోంచి లాక్కొచ్చిన నలుగురిలో ఇప్పుడు మిగిలింది ఆయనొక్కడే.

రెండు గుడ్లు ఉడకబెట్టుకుని తిన్నాను.

సెప్టెంబర్ 24

షాపులో ఒకావిడ చుక్కల మందు తీసుకుంటూ, ఆ మేనస్‌కి కళ్లు పోయాయట కదా, అలాంటి ముసలాడికి పిల్లలున్న బండి ఎలా ఇచ్చారో అంది.

ఒళ్లు మండిపోయింది. నెలన్నర తర్వాత నాలో ఏదైనా మండటం అదే మొదలు. కళ్లు పోయింది ఆయనకి కాదని అనబోయి చిల్లర చేతిలో పెట్టాను.

సెప్టెంబర్ 25. రాత్రి భోజనం ముందు

కమిటీ మీటింగుకి వెళ్లి చెప్పేశాను. కుళాయిలు తెరవనిది నేను. నీళ్లు పట్టొద్దని ఆయన అనలేదు. సగం ఉన్నాయని చెప్పింది నేను. నిలబడే చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు. మేనస్ కిటికీలోంచి కారు పార్కింగు వైపు చూస్తున్నాడు. కోర్మక్ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

కాస్త తేలికగా ఉంది. ఇవాళ మాంసం కూర వండుకుంటాను.

సెప్టెంబర్ 26

తేలిక, నా మొహం.

కోర్మక్ ఫోన్. డ్రైవర్ నీళ్లు చూసుకోకపోతే మూడు నెలలేనట. కానీ యాక్సిడెంట్ రిపోర్టులో అబద్ధం రాసి సంతకం పెట్టిన డ్రైవర్‌ని ఇన్సూరెన్స్ వాళ్లు ఇక ఏ ఇంజిన్ మీదా ఒప్పుకోరట. కమిటీకి కూడా వేరే దారి లేదట. మేనస్ పాస్ రద్దు. జీవితాంతం. కుళాయిలు తెరవనందుకు నాకు రెండేళ్లు, తర్వాత మళ్లీ పరీక్ష.

తప్పు చేసి ఒప్పుకున్నదానికి రెండేళ్లు. దాన్ని నెత్తిన వేసుకున్నవాడికి జీవితాంతం. నేను నోరు మూసుకుని ఉంటే మార్చిలో బండెక్కేవాడు. ఈ లెక్క రోజంతా వేశాను. ఎటు వేసినా అదే వస్తోంది.

అక్టోబర్ 2

మేనస్ ఇంటికి వెళ్లాను. కోళ్ల గూడు కడుగుతున్నాడు. తల ఎత్తలేదు. నేనడిగానా నిన్ను, అన్నాడు. నీ మనసు కడుక్కోడానికి నా ఆదివారాలే దొరికాయా అన్నాడు. నా గురించి ఊళ్లో ఏదో అన్నారట, అంటే అన్నారు, కళ్లు పోయినవాణ్ణని అనిపించుకుంటూ బండి తోలేవాణ్ణిగా. ఇప్పుడు కళ్లున్నాయి, బండి లేదు.

క్షమించమన్నాను. చాలా చిన్న మాట అది. వెళ్లమన్నాడు.

గేటు దాటాక వెనక నుంచి అరిచాడు, గుడ్ల అట్ట తిరిగిచ్చెయ్యమని.

అక్టోబర్ 19

అట్ట ఇచ్చొచ్చాను. టీ పెట్టాడు. గంటసేపు కూర్చున్నాం. చివర్లో బిస్కెట్ల డబ్బా నా వైపు తోశాడు.

అక్టోబర్ 26. ఆదివారం

ఈ ఏటికి ఆఖరి బండి. కొత్త ప్లగ్ వేశారు. కోర్మక్ తోలాడు. నేనూ మేనస్ టికెట్లు కొనుక్కుని రెండో పెట్టెలో కూర్చున్నాం. ఆయన కోటు వేసుకొచ్చాడు. కోటులో ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఎత్తు మొదలవగానే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

అప్పుడు ఏడుపొచ్చింది. ఆగలేదు. యూనన్ కోసమా, ఆ చేతుల కోసమా, తెలియదు.

ఎదురు సీట్లో డెర్రీ నుంచి వచ్చిన ఆవిడ ఏమైందని కంగారుపడింది. బొగ్గు నలుసు పడిందమ్మా కంట్లో, అని చెప్పాడు మేనస్.

ఈసారి నేనేమీ దిద్దలేదు.