మొదటి మాటకే ఆగిన యాంప్లిఫయర్

ప్రియమైన అత్తయ్యా,

మీ కార్డు అందింది. "ఒంట్లో బాగానే ఉంది. యాంప్లిఫయర్ మొరాయిస్తోంది. పొద్దున్నే మైకు నొక్కి మొదటి మాట అనగానే తెరమీద మూడో నంబరు చూపించి ఆగిపోతోంది. ఇక మనం రేడియోలో మాట్లాడుకోవడం కుదరదు" అని రాశారు. ఇంకేమైనా రాశారేమోనని వెనక్కి తిప్పి కూడా చూశాను. ఫోను అందని, నేను డ్యూటీ చేసే ఈ కొండమీదికి మీ గొంతు మోసుకొచ్చేది ఆ మిషనొక్కటే కదా.

తాతకు దగ్గులు నేర్పినట్టే ఉంటుంది, అయినా చెప్తాను. మూడో నంబరంటే వేడి. ఏకబిగిన మాట్లాడినా, ఫ్యాను ఆగిపోయినా వచ్చేది. రాత్రంతా చల్లారిన మిషను మొదటి మాటకే వేడెక్కుతుందా? మొదటి మాటకే వచ్చేది ఐదో నంబరు. పంపిన పవరు పోయే దారిలేక వెనక్కి తిరిగి వచ్చినప్పుడు. అంటే వెనకాల యాంటెనా తీగ లేదన్నమాట. దానంతటది ఊడేలా మీరెప్పుడూ బిగించలేదు. మీరే పీకేశారు. పీకేసి కూడా అలవాటు కొద్దీ మైకు నొక్కారు, నాకు మాత్రం నంబరు మార్చి రాశారు. ఇన్నేళ్ళు రేడియోలు బాగుచేశారు గానీ, అబద్ధమాడటం మీకు చేతకాదు.

మీ అబ్బాయిని కాటికి సాగనంపాక, అందరూ వెళ్ళిపోయాక, "ఇక నీ బతుకు నువ్వు చూసుకోవే" అన్నారు. దయతో అన్నారనుకున్నాను. ఇప్పుడు తీగ కూడా పీకేశారంటే, ఆయనతోపాటే నాకు అత్తగారూ పోయారా అని భయమేస్తోంది. అసలే అమ్మ లేనిదాన్ని. ఈ రేడియో పని నేర్పింది కూడా మీరే. "ట్రిప్పయిందని మిషన్ని తిట్టకు, కాలిపోకుండా తనను తాను కాపాడుకుంటోంది. కారణం చూడకుండా రీసెట్ నొక్కకు" అనేవారు. అందుకే తిట్టడం లేదు, కారణం అడుగుతున్నాను. నేనేనా?

మీ కోడలు


ఒసే పిల్లా,

నేను తాడిని తన్నేదాన్నయితే నువ్వు నా తలదన్నేదానివి. తీగ పీకింది నేనే. కారణం నువ్వు కాదే. వాడు.

నువ్వు మాట్లాడుతుంటే వెనక నుంచి "అమ్మా, మందులేసుకున్నావా?" అని అరిచేవాడు కదా. "నేనేమన్నా చిన్నపిల్లనట్రా?" అని కసురుకునేదాన్ని. వాడు పోయాక కూడా నువ్వు రోజూ పిలిచావు. నీ మాట ఆగగానే ఆ ప్రశ్న కోసం చెవులు రిక్కించేదాన్ని. రాదని తెలిసీ. ఈలోగా నువ్వేమో "అత్తయ్యా, వినిపిస్తోందా?" అనేదానివి. తట్టుకోలేక పీకేశాను. అప్పటి నుంచి ఇల్లు బావురుమంటోంది గానీ, గుండె మాత్రం కుదుటపడలేదు. నిన్ను వదిలించుకోవాలనుకోవడానికి నాకు మనసెలా వస్తుందే? నాకు మాత్రం ఎవరున్నారు?

తీగ మళ్ళీ బిగించాను. డ్యూటీ దిగాక పిలువు. వాడి ప్రశ్న ఇక నువ్వే అడుగు. అడిగేవాళ్ళు లేక మందులు అలమరలో అలాగే పడి ఉన్నాయి. వెంటనే జవాబు రాకపోతే మిషను ఆగిపోయిందనుకోకు. కాసేపాగి మళ్ళీ అడుగు.

నీ అత్త