ఎర్ర లైటు దగ్గర ఒక్కదాన్నే

జూన్ 26, 2006
కాశీబుగ్గ జంక్షన్‌లో మొదటిసారి సిగ్నల్ లైట్లు వెలిగాయి. జనమంతా పెళ్ళిపందిరి దీపాలు చూసినట్టు తలెత్తి చూశారు. చూసి, ఎరుపులోనే దాటిపోయారు.

జూన్ 28
లైబ్రరీలో రోడ్డు నిబంధనల పుస్తకం దొరికింది. సైకిలు కూడా వాహనమేనట. ఎరుపు పడితే తెల్లగీత వెనక ఆగాలి. వాహనం! ఎంత నిండైన మాట. తుప్పు పట్టిన నా లేడీస్ సైకిలుకి ఆ గౌరవం నేనే ఇస్తాను.

జూన్ 30, ఉదయం
నేనొక్కదాన్నే ఆగాను. వెనక నుంచి ఒకటే బెల్లులు. పాలక్యాన్ల గున్నయ్య మావ నన్ను దాటిపోతూ, ఆ లైట్లు పెట్రోలు తాగే బళ్ళకేనని ఉపదేశించాడు. "మనం తాగేది గంజే కదేటే గుంటా!"
ఇంకొకాయన దిగి, సైకిలు నడిపించుకుంటూ ఎరుపు దాటి, అవతల మళ్ళీ ఎక్కాడు. దిగితే మనిషేనట, లైటు వర్తించదట. ఏం బుర్రలు! నిన్న 'ఏహ్యం' అనే మాట నేర్చుకున్నాను. వాడటానికి ఒక జంక్షన్ నిండా జనం దొరికారు.

జూలై 5
నా పక్కన ఇంకో సైకిలు ఆగింది. మా కాలేజీ బైపీసీ నాగేంద్రబాబు. ఈ ఊళ్ళో రెండో మనిషి దొరికాడని సంతోషించాను. పచ్చ పడింది. నేను కదిలాను. అతను కదల్లేదు. అతను చూస్తున్నది లైటుని కాదు. వెధవ.

జూలై 8
పక్కింటి కాంతమ్మ పెద్దమ్మ వచ్చి నాన్నతో చెప్పింది. "మీ గుంట రోజూ జంక్షన్ల నిల్సుంతంది ధర్మారావూ. ఎవుల కోసమో కాపు కాత్తన్నాదంటన్నారు." ఆ నాగేంద్రబాబు పేరు కూడా చెప్పింది.
నేను రోడ్డు నిబంధనల పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. నాన్న తెరవలేదు. ఇంకోసారి అక్కడ ఆగితే సైకిలు అమ్మేస్తానన్నాడు. మా ఊరి బస్సు కాలేజీ వేళకి రాదు. సైకిలు పోతే చదువు పోయినట్టే.
అందరూ తప్పు చేస్తే అది పద్ధతి. నేనొక్కదాన్ని సరిగ్గా ఉంటే పరువు తక్కువ.

జూలై 10
ఎరుపు. ఆగలేదు. ఒక్కరూ తలెత్తి చూడలేదు. ఏహ్యం. ఈసారి నా మీదే.

జూలై 12
ఇక ఆగనన్న నా మాట మీద నమ్మకం లేక నాన్న తన సైకిలు మీద నా వెనకే వచ్చాడు. ఎరుపు పడింది. "ఆగకే, ఎలిపో!" అని అరిచాడు. వెళ్ళాను. అవతలికి చేరి వెనక్కి చూస్తే, నాన్న హ్యాండిల్ కొత్త ట్రాఫిక్ కానిస్టేబుల్ చేతిలో ఉంది.
పచ్చ పడినా వదల్లేదు. స్తంభం కింద నిలబెట్టాడు. ఊరు ఊరంతా పలకరించుకుంటూ పోయింది. "ఏటి బావా, ఎవుల కోసమేటి నిల్సున్నావు?" కాంతమ్మ పెద్దమ్మ రిక్షా ఆపించి మరీ అడిగింది.
నాన్న నా వైపు చూశాడు. నేను నవ్వలేదు. దానికి నాకు మెడల్ ఇవ్వాలి.
సాయంత్రం అన్నాడు, "ఆ పుత్తకం ఏదే? ఇలా తే."
సైకిలు అమ్మే మాట ఎత్తలేదు.

జూలై 15
జంక్షన్‌లో కరెంటు లేదు. ఏ లైటూ వెలగలేదు.
అయినా ఆగాను. చూసేవాళ్ళని చూడనీ.