ఏడు గిన్నెల అన్నం

1994 అక్టోబర్ 3, తేజన్, దక్షిణ కొరియా
మామయ్యగారి సర్వీసు వివరాలు ఒక పేజీలో కావాలని రిటైర్డ్ ఆఫీసర్ల సంఘం అడిగిందట. చేతిరాత బాగుంటుందని నన్ను కూర్చోబెట్టారు. 1953 సెకండ్ లెఫ్టినెంట్. 1966 మేజర్, ఇంటెలిజెన్స్. 1981 జనరల్. 1967 దగ్గర మాత్రం ఖాళీ వదిలెయ్యమ్మా అన్నారు. ఎందుకండీ అంటే టీ చల్లారిపోతోందన్నారు. ముప్పై ఏళ్లు అందరి కూపీ లాగిన మనిషి, పొద్దున తన కళ్లజోడు ఎక్కడుందో నన్నే అడిగారు.

అక్టోబర్ 6
ఆ ఖాళీ నా బుర్ర తొలిచేస్తోంది.

అక్టోబర్ 12
రేపు చాంద్రమానం తొమ్మిదో నెల తొమ్మిది. చనిపోయిన రోజు తెలియనివాళ్లకు అన్నం పెట్టే రోజు. సముద్రపు ఒడ్డున మా ఊరు సొక్చోలో అమ్మ నాన్నకు ఒక గిన్నె పెడుతుంది, పక్కన ఆయనకిష్టమైన అన్నం కూరిన స్క్విడ్. నేను నెలల పిల్లప్పుడు పని దొరికిందని వెళ్లాడు, మళ్లీ రాలేదు.

ఈ ఇంట్లో ఏడు గిన్నెలు. మూడేళ్లుగా నేనే వండుతున్నాను. వంశావళి అంతా వెతికాను, రోజు తెలియకుండా పోయినవాళ్లు ఒక్కరూ లేరు. అందులో ఒక గిన్నె పక్కన స్క్విడ్ పెట్టమంటారు. నా మీద ప్రేమతో మా ఊరి వంట అడుగుతున్నారనుకున్నాను. మా ఆయనను అడిగితే, మా నాన్న ఉద్యోగం నీకివ్వాల్సింది అని నవ్వారు.

అక్టోబర్ 13, మధ్యాహ్నం
కావాలనే ఆరు గిన్నెలు పెట్టి, స్క్విడ్ వంటింట్లోనే ఉంచేశాను. మామయ్యగారు వరసగా చూస్తూ వచ్చి, సొక్చో అతనిదేదమ్మా అన్నారు. అనేసి నాలుక కరుచుకున్నారు.

సాయంత్రం
చేపలు ఎండబెట్టుకునే మా ఇంటికి జనరల్ స్వయంగా పిల్లనడగడానికి ఎందుకొచ్చాడో అమ్మకు ఇప్పటికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఒళ్లు మండిపోయింది. నాన్నను ఉత్తర కొరియాకు వేగుగా పంపింది మీరేనా, జాలిపడి నన్ను తెచ్చుకున్నారా అని అడిగేశాను. నోరు విప్పనని ప్రమాణం చేశానమ్మా అన్నారు. అమ్మ గుండె బాగాలేదు, ఇరవై ఏడేళ్లుగా ఆమెకు ఒకటే కోరిక, పోయిన రోజు తెలిస్తే ఆ రోజే అన్నం పెట్టుకుంటానని, అన్నాను. ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నారు.

అక్టోబర్ 15
మామయ్యగారు గదిలోంచి రాలేదు. అన్నం తెచ్చిపెడితే తిన్నారు.

అక్టోబర్ 20
ఆ కాగితం తెమ్మన్నారు. ఖాళీలో ఇలా రాయించారు: 1967, చాంద్రమానం పదో నెల పంతొమ్మిది. నామ్ జాంగ్-సు, నది దాటుతూ మరణం. పంపింది నేను.

నాన్న పేరు దగ్గర నా రాత వంకర పోయింది. మళ్లీ రాయనా అంటే, అలాగే ఉండనీ అన్నారు. తాను పంపిన మిగతా ఆరుగురూ పోయిన రోజు తనకూ తెలియదట. మరి తెలిసిన ఈ ఒక్కరికీ తొమ్మిదో నెల తొమ్మిదినే ఎందుకు పెట్టారంటే, అసలు రోజున పెడితే నాకు తెలుసని బయటపడుతుంది కదమ్మా అన్నారు. ఇంట్లో కూడా గూఢచారి ఎత్తులే. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. సంతకం బదులు తన పేరున్న ఎర్ర ముద్ర వేసి, సంఘానికొకటి, మీ అమ్మకొకటి పంపు అన్నారు.

నవంబర్ 21, సొక్చో
పదో నెల పంతొమ్మిది. ఒకటే గిన్నె. అమ్మ అన్నంలో చెంచా గుచ్చి, ఆలస్యమైందయ్యా, తిను అంది.

మామయ్యగారు గుమ్మం బయట నిలబడ్డారు. అమ్మ రమ్మనలేదు, పొమ్మనలేదు.