లోపలి అతుకును నా భార్యకు చూపించమని మనవి

ఆసుపత్రి సూపరింటెండెంటు గారికి,

అయ్యా,

విషయం: నా ఆపరేషను వీడియోను నా భార్యకు ఒక్కసారి చూపించుట గురించి.

1. నేను నీటి సరఫరా విభాగంలో ఇరవై ఆరేళ్లుగా పైపు ఫిట్టరును. కేన్సరు కారణంగా మూడు నెలల కిందట తమ ఆసుపత్రిలో, పొట్టను బారుగా కోయకుండా చిన్న చిన్న రంధ్రాలలోంచే కెమెరా దూర్చి చూస్తూ, నా జీర్ణాశయాన్ని పూర్తిగా తొలగించియున్నారు.

2. ఆపరేషనుకు ముందురోజు డాక్టరమ్మగారు కాగితం మీద బొమ్మ గీశారు. చిన్నపేగును కోసి, ఒక కొసను పైకి తెచ్చి అన్ననాళానికి కలుపుతారట. రెండో కొసను కిందుగా అదే పేగుకు పక్కన అతుకుతారట.

"వై జాయింటన్నమాట. మిషనుతోనా, చేత్తోనా అమ్మా?" అన్నాను.

"రెండూను. మిషను పిన్నులు కొడుతుంది. అది దూరిన కంత మిగులుతుంది కదా, దాన్ని నేను కుడతాను."

"లీకు చూస్తారా?"

"చూడకపోతే మీరు వదులుతారా?" అన్నారు. నిశ్చింతగా సంతకం పెట్టితిని.

3. అయిదవ రోజున రంగు మందు తాగించి, ఫొటో తీసి, ఎక్కడా కారడం లేదన్నారు. ఆ సమయమున నా భార్య బయట బెంచీ మీద ఉండుటచే చూడలేదు. చిక్కంతా ఇక్కడే వచ్చినది.

4. ఆమె నేటికీ సమస్తమూ రుబ్బి చెంచాతో పెడుతున్నది. నేను దగ్గితే పొయ్యి ఆపి పరుగున వస్తున్నది. "కొద్దికొద్దిగా, బాగా నమిలి అన్నీ తినొచ్చన్నారు కదే" అంటే, "వాళ్లకేం, అంటారు. లోపల ఊడితే కుట్టేది నేనా?" అంటున్నది. నా ఎదుట తినడానికి మనసొప్పక వంటింటి తలుపు వేసుకొని నిలబడి తింటున్నది. నేను తొమ్మిది కిలోలు తగ్గితే ఆమె ఆరు తగ్గినది. ఆమెకు ఏ ఆపరేషనూ జరగలేదని తమకు విన్నవించుకొనుచున్నాను.

5. రికార్డు గదిలో అడగ్గా, వీడియోలు విద్యార్థులకే గాని రోగులకు కాదన్నారు. ఆ పేగు నాదేనన్నాను. రుజువేదన్నారు. చొక్కా ఎత్తాను. "అర్జీ పెట్టుకోండి. ముందు చొక్కా దించండి" అన్నారు.

కావున, ఆ అతుకు వేసిన పది నిమిషాల భాగమైనా ఆమెకు చూపించేలా ఉత్తర్వు ఇప్పించగలందులకు ఈ మనవిని దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పైపు ఫిట్టరు
(అప్పట్లో మూడో అంతస్తు వార్డు, కిటికీ పక్క మంచం)

తా.క.: దీన్ని మా ఆవిడ చదివింది. "తలుపేసుకుని తింటానని ఆఫీసరుకి కూడా చెప్పేశారా?" అని కోప్పడింది. కాసేపటికి రెండు కంచాలు పెట్టింది. నాకు రుబ్బని అన్నం, నాలుగే ముద్దలు. నేను నమిలినంతసేపూ నా గొంతునే చూస్తూ తనూ తిన్నది. తమరు వీడియోకి తొందరపడనక్కర్లేదు. ఆవిడ మారు వడ్డించుకుంటోంది.