బియ్యం బస్తా కోసం కారు

జులై 6
వీసాలొచ్చాయి. నలుగురివీ. ఇరవై అయిదేళ్ల పెళ్లి పేరు మీద ఇటలీ — రోమ్, ఫ్లారెన్స్, వెనిస్. ఏడాదిగా నేను అడిగిన ఊళ్లు. ఒకదాని నుంచి ఇంకోదానికి రైలులో గంటన్నర, రెండు గంటలు... అంతే. అన్నీ చూసి పెట్టుకున్నాను. మధ్యాహ్నం అన్నం దగ్గర మా ఆయన ఒక్క మాటలో తేల్చేశారు.
"రైలేంది? కారు కిరాయికి తీసుకుందాం. కోదాడ బావ నడుపుతడు."
వాళ్ల అక్కా బావా తోడు వస్తామన్నప్పుడే అనుకోవలసింది.

జులై 7
కారెందుకో ఇవాళ తెలిసింది. బియ్యం కోసమట! మన మిల్లు బియ్యం, పాతిక కిలోల బస్తా. కుక్కర్, పచ్చళ్లు వేరే. విమానంలో ఆయన లగేజీ అంతా ఆ బస్తాయే, ఆయన బట్టలు నా సూట్‌కేసులో.
"రైల్ల బస్తా ఎవడు మోస్తడు? పరాయి బియ్యం నాకు దిగయి."
అంటే వెనిస్‌లో కూడా వండేది నేనే. పొయ్యి మారడం తప్ప నాకు ఒరిగేదేమిటి? ఒళ్లు మండిపోయింది.

జులై 9
కారెక్కితే నాకు వాంతులు. పెళ్లయిన కొత్త నుంచీ ఆయనకు తెలుసు. ఎవరు నడిపినా ముందు రెండు సీట్లు మగవాళ్లవి. వెనక వదినా నేనూ, ఒళ్లో టిఫిన్ డబ్బాలు. శ్రీశైలం ఘాట్‌లో కవరు పట్టుకుని కూర్చుంటే, "అద్దం దించకు, ఏసీ పోతది" అన్నారు. మర్చిపోలేదు. మర్చిపోను.
బస్తా ఎక్కడ పెట్టాలో ఆలోచించిన మనిషి, నేనెక్కడ కూర్చుంటానో ఆలోచించలేదు.

జులై 10
కూరా పచ్చడీ ఆయన్నే వడ్డించుకోమన్నాను. అన్నం మాత్రం పెట్టాను.

జులై 12
కోదాడ అన్నయ్య, అదే వదిన వాళ్లాయన, సూర్యాపేట వెళ్లి, విదేశంలో బండి నడిపే పర్మిట్ తెచ్చుకున్నారు. ఫోన్‌లో ఒకటే సంబరం. "నువ్వేం బెంగపడకమ్మా చెల్లెమ్మా, విజయవాడ హైవే మీద ఎన్నిసార్లు వెళ్లలేదు నేను!"
అక్కడి పాత బజార్లలోకి బయటి కార్లను రానివ్వరు, కెమెరాలుంటాయి, జరిమానా ఇంటికే పంపుతారు — చెప్పాను. మా ఆయన నవ్వారు.
"రాస్తే రాయనియ్. మిర్యాలగూడ దాకొచ్చి వసూలు చేస్తరా?"
డిగ్రీ చదివిన మనిషి!

జులై 13
వదినకు ఫోన్ చేశాను. ముందు "వాళ్లిష్టం, మనదేముందిలే" అంది. తర్వాత గొంతు తగ్గించి — "రైలైతే కాళ్లు చాపుకొని కూసోవచ్చు గదా... కిటికీ పక్కన."
ఇన్నేళ్లు పక్క పక్కనే కూర్చున్నాం. ఒక్కసారీ అనలేదు ఈ మాట.

జులై 15
ఇంకా పది రోజులే. బుకింగ్‌లన్నీ నా పని, ఆయనకు ఫోన్ ఎత్తడం తప్ప ఏదీ రాదు. పొద్దున కార్డు నా చేతిలో పెట్టి, "ఏడు సీట్లది సూడు, వెనక బస్తా పట్టాలె" అన్నారు. నాకు ఏ సీటు కావాలని మాత్రం అడగలేదు.
కార్ల పేజీ తెరిచాను. చాలాసేపు చూశాను. మూసేశాను.
రోమ్ నుంచి ఫ్లారెన్స్, ఫ్లారెన్స్ నుంచి వెనిస్. రైల్లో నాలుగు సీట్లు. కిటికీ పక్కవి రెండూ నాకూ వదినకూ.
ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తుంది. అయినా నొక్కాను. వరండాలోంచి ఆయనే గట్టిగా చదివారు, ఒక్కో అంకె. మెసేజ్‌లో ఇంకేం ఉందో చూడలేదు.
"అయిందా?"
"అయింది."
"బావకు చెప్తున్న మరి."
చెప్పేశారు కూడా.
మిల్లు నుంచి బస్తా వచ్చింది. హాల్లో నా సూట్‌కేసు పక్కనే. కారులో కదలకుండా తాడు కడుతున్నారు. చెప్పాలి... ఎట్లా చెప్పాలి?
"ముడి గట్టిగ పడ్డదా, జర వచ్చి సూడు" అని నన్నే పిలుస్తున్నారు.