సంచిలో ఇసుక

వంట చెయ్యలేదు, బయట తినండి. తిన్నాక వరండాలో వేలాడుతున్న పంచింగ్ బ్యాగు దించి, అందులో మీరు పోసిన ఇసుకంతా పెరట్లో కుమ్మరించండి. పక్కింటాయన్ని సాయం పిలవకండి. పోసిన చేతులే మొయ్యాలి.

అమ్మాయి కుడి మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో చేర్చి, దాని బట్టల కోసం ఇంటికొచ్చాను. మళ్ళీ వెళ్తున్నాను.

సంచిలో పాత గుడ్డలే కూరాలని, పిల్ల బరువులో సగానికి మించకూడదని కోచ్ గారు మనిద్దరి ముందే చెప్పారు. ఆయన మాట మీకు ఆనలేదు. "గుడ్డల మూటని కొడితే పరుపు దులిపినట్టుంటుంది" అని నవ్వారు. ఇసుకంతా అడుక్కి దిగి బండలా బిగిసింది. పొట్ట మీద కొట్టే గుద్దులు సాధన చేస్తూ పిల్ల సరిగ్గా అక్కడే కొట్టింది. వచ్చే వారం పోటీ ఇక పోయినట్టే.

అయినా డాక్టరు ముందు "మా నాన్న చాంపియన్, ఆయనకి తెలీదా" అని మిమ్మల్నే వెనకేసుకొచ్చింది. నాకు ఒళ్ళు మండింది. మీరు జన్మలో ఆడింది ఒక్క పోటీ అనీ, గంట మోగిన కాసేపటికే నేల కరిచారనీ, బీరువా మీది కప్పు దుకాణంలో కొన్నదనీ చెప్పేశాను. నమ్మలేదు. మీ అక్కయ్యకి ఫోన్ చేసి అడగమన్నాను. అడిగింది. అప్పట్నుంచీ గోడవైపు తిరిగి పడుకుంది.

గ్యాసు కట్టేశాను, ముట్టుకోకండి.

ఇందాక నేను బయల్దేరుతుంటే "నాన్నొస్తాడా" అని అడిగింది. రారని చెప్పాను. ఈ ఒక్కసారైనా నా మాట నిలబెట్టండి.