నా కంప్యూటర్ నోట్లో పోసిన లక్క గురించి

విభాగాధికారి గారి సముఖమునకు, అర్జీల విభాగపు జవాబుల గుమాస్తా వ్రాసుకొను అర్జీ.

విషయం: తెర చదివి వినిపించు సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్ నుండి కాక, నా కంప్యూటర్‌లోనే ఇన్‌స్టాల్ చేయించుట గురించి.

అయ్యా,

నాకు పుట్టుకతో చూపు లేదు. ఈ సంగతి తమకు తెలియదని కాదు. పద్నాలుగేళ్లుగా వరండాలో ఎదురుపడినప్పుడల్లా తమరు నాకు చెయ్యి ఊపి పలకరిస్తారని పక్క బల్ల అక్కయ్య చెబుతూనే ఉంది. కృతజ్ఞుడిని.

1. సదరు సాఫ్ట్‌వేర్ రెండు రూపాలలో దొరుకును. పోర్టబుల్ రకాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి జేబులో పెట్టుకు తిరగవచ్చును. ఇన్‌స్టాల్ చేసినది కంప్యూటర్‌లోనే కాపురముండును. మొదటిది చుట్టపుచూపుగా వచ్చినది కనుక, తలుపు తీశాకే లోపలికి రాగలదు. పొద్దున పాస్‌వర్డ్ అడిగే తెర దగ్గర నోరు మెదపదు. పద్నాలుగేళ్లు ఆ పాస్‌వర్డ్‌ను నిశ్శబ్దంలో కొట్టి, పెన్‌డ్రైవ్ గుచ్చి, అది పలికితే ఊపిరి పీల్చుకున్నాను. అదే నా బంగారు కాలమని ఇప్పుడు తెలిసింది.

2. గత నెల భద్రత నిమిత్తం పెన్‌డ్రైవ్‌లు నిషేధించి, అవి గుచ్చే రంధ్రాలలో లక్క పోసి ముద్ర వేశారు. నోటీసు గోడకు అంటించారు. చదవనందుకు నాకు మెమో ఇచ్చారు. మెమో కూడా కాగితమే. గోడ తడిమి చూశాను. జిగురు నాణ్యమైనదని మనవి.

3. కంప్యూటర్ల ఇంజనీరును కలిశాను. జరిగిన సంభాషణ యథాతథంగా:

"పోర్టబుల్ వద్దన్నారు కదన్నా, ఇన్‌స్టాల్ చేయించుకో."

"సరే, చెయ్యి తమ్ముడూ."

"నా అంతట నేను చెయ్యకూడదు. నువ్వు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. నీ కంప్యూటర్‌లోంచే పెట్టాలి."

"అది మాట్లాడితే కదా పెట్టేది."

"మాట్లాడాలంటే ఇన్‌స్టాల్ చెయ్యాలన్నా."

ఇంత విడమరిచి చెప్పిన మనిషిని నేనింతవరకు ఎరగను.

4. చివరకు అక్కయ్యే నా కుర్చీలో కూర్చుని దరఖాస్తు నింపింది. "ఈ సాఫ్ట్‌వేర్ ఇదివరకే వాడుచున్నారా?" అన్న ప్రశ్నకు "అవును" అని పెట్టింది. "వాడుచున్నచో మరల ఎందులకు?" అని తిరస్కరించారు. రెండోసారి "లేదు" అని పెట్టింది. "ఇన్నేళ్లు అవసరపడనిది ఇప్పుడెందులకు?" అని తిరస్కరించారు. "ఇక మూడో జవాబు ఏదైనా ఉంటే చెప్పు, అది పెడతాను" అంది అక్కయ్య.

5. ఇంట్లో ఇదే సాఫ్ట్‌వేర్‌ను మా ఆవిడ ఇన్‌స్టాల్ చేసింది. పొయ్యి మీద పాలు పొంగేలోగా అయిపోయింది. ఆవిడకు సాంకేతిక శిక్షణ ఏమీ లేదు, బహుశా అందువల్లనే.

6. నాలుగు వారాలుగా నేను వ్రాసిన జవాబులు సున్నా. నెలాఖరుకు సున్నా ఉన్నవారిని "పనికి అనర్హులు" అని తేల్చి ఇంటికి పంపుతారట. ఆ జాబితాలో మొదటి పేరు నాదేనని విన్నాను. విన్నానంటే, ఎవరో చదివి పెట్టారు.

అయ్యా, ఈ మనవుల భాషను కాసేపు పక్కన పెడతాను. నాకు ఒళ్లు మండిపోతోంది. చూపు లేదన్న దిగులు నాకు ఏనాడూ లేదు. పొద్దున్నే వచ్చి, పలకని పెట్టె ముందు చేతులు ఒళ్లో పెట్టుకు కూర్చుని, సాయంత్రం లేచి వెళుతుంటే మాత్రం గుడ్డివాడినని మొదటిసారి అనిపిస్తోంది. నాకు పని చేతకాక కాదు, చేయనివ్వక.

కావున సదరు సాఫ్ట్‌వేర్‌ను నా కంప్యూటర్‌లో కాపురం పెట్టించి, నా పని నన్ను చేసుకోనివ్వవలసిందిగా ప్రార్థన. వీలు చూసుకుని కాదు, నెల తిరగకముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
జవాబుల గుమాస్తా
(నాలుగు వారాలుగా జవాబు లేనివాడు)

తా.క.: విభాగానికి వచ్చే ప్రతి అర్జీకీ జవాబు తయారు చేసేది నేనే కనుక, ఇదీ నా బల్ల మీదికే వస్తుంది. జాప్యం దేనికని జవాబు కూడా ఇంట్లోనే టైపు చేసి జతపరిచాను: "మంజూరు చేయడమైనది. ఇంజనీరు నేడే ఇన్‌స్టాల్ చేయవలెను." తమరు సంతకం పెడితే చాలు. ప్రింటర్‌లో సిరా అయిపోయి వట్టి తెల్లకాగితం వచ్చిన రోజున కూడా తమరు కింద సంతకం పెట్టి పంపారు, కాబట్టి ఇదేమంత కష్టం కాదు. చూడకుండా కూడా ఉద్యోగం చేయవచ్చునని ఈ ఆఫీసులో రుజువు చేసినవాళ్లం మనమిద్దరమే.